కొత్త జాతి ఈగ: దొరకడం వేరు, వర్ణించడం వేరు

"ఫలానా అడవిలో కొత్త జాతి కీటకాన్ని కనుగొన్నారు" అనే వార్త చదవగానే మనం ఒక దృశ్యం ఊహించుకుంటాం. శాస్త్రవేత్త ఒకరు ఆకు పక్కకు తీశారు, అక్కడ ఎవరూ ఎరగని ప్రాణి కనబడింది, చూడగానే అది కొత్తదని తెలిసిపోయింది. మూడు నాలుగు మిల్లీమీటర్ల ఈగ విషయంలో అలా జరగడం చాలా అరుదు. పట్టుకున్న రోజున అది కొత్తదని పట్టుకున్నవారికే తెలియదు. అది వందలాది ఇతర కీటకాలతో పాటు ఆల్కహాలు సీసాలోకి వెళుతుంది, ఆ సీసా మ్యూజియం బీరువాలోకి వెళుతుంది. 2007లో వర్ణించిన, అంటే లక్షణాలు రాసి పేరు పెట్టి ప్రచురించిన, కొన్ని వందల జాతులను తీసుకుని, వాటి నమూనాలు ఎప్పుడు సేకరించినవో పారిస్‌లోని పరిశోధకులు లెక్క చూశారు. సేకరణకూ వర్ణనకూ మధ్య సగటున 21 ఏళ్లు గడిచాయని 2012లో ప్రకటించారు.

ఆ ఏళ్లలో జరగాల్సిన పని ఏమిటి, అది ఎందుకు అంత నెమ్మదిగా సాగుతుంది, దాన్ని వేగం చేయాలన్నవారికీ వద్దన్నవారికీ గొడవ ఎక్కడ అన్నది చూడడానికి పెద్దతల ఈగలు మంచి ఉదాహరణ. వీటి కుటుంబాన్ని శాస్త్రంలో పైపన్‌క్యులిడే అంటారు. ప్రపంచం మొత్తం మీద ఇప్పటికి సుమారు 1,400 జాతులకు పేర్లున్నాయి. పేరు లేనివి ఇంకా చాలా ఉన్నాయన్న విషయంలో ఈ రంగంలో ఎవరికీ అనుమానం లేదు.

తలంతా కళ్లే ఉన్న ఈగ

పేరుకు తగ్గట్టే దీని తల దాదాపు గుండ్రంగా ఉంటుంది. చాలా జాతుల్లో తల ఛాతీ కన్నా వెడల్పు. ఆ తలలో కళ్లు పోగా మిగిలేది చాలా కొద్ది. ఆడ ఈగ కళ్లలో ముందు వైపున ఉన్న కటకాలు మిగతావాటి కన్నా పెద్దవి. గడ్డి దుబ్బుల్లో, పొదల మధ్య దాక్కున్న చిన్న పురుగులను వెతకడానికి ఆ కళ్లు అవసరం. గాలిలో ఒకచోట నిలబడి ఎగరడంలో ఈ ఈగలు ఆరితేరినవి. వలలో పడ్డాక కూడా ఆ బట్ట మడతల మధ్యే అలా నిలిచి ఎగురుతుంటాయి. వల పట్టినవారు వీటిని గుర్తుపట్టే మొదటి ఆనవాలు అదే.

ఆడ ఈగ వెతికేది ప్రధానంగా దీపపు పురుగులు, దోమలు అని మన రైతులు పిలిచే రసం పీల్చే పురుగులను. ఈ కుటుంబంలోని చాలా ఈగలు ఆ పురుగును కాళ్లతో పట్టుకుని గాలిలోకి లేపి, సూది లాంటి అవయవంతో దాని ఒంట్లో గుడ్డు పెట్టి వదిలేస్తాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును లోపలి నుంచి తింటూ పెరుగుతుంది. చివరికి పొట్ట చీల్చుకుని బయటపడి, నేలలోనో ఆకుల మధ్యనో ప్యూపా అవుతుంది. అతిథేయి, అంటే ఆశ్రయమిచ్చిన ఆ పురుగు, చచ్చిపోతుంది. వ్యవసాయ శాస్త్రంలో ఇటువంటి వాటిని బదనికలు అంటారు. రైతు లెక్కలో ఇవి మిత్ర పురుగులు.

తెలుగు నేలకు ఈ కుటుంబంతో ఉన్న నేరు సంబంధం వరి. వరిలో టుంగ్రో వైరస్‌ను మోసుకొచ్చే పచ్చ దీపపు పురుగులను టొమోస్వారియెల్లా అనే ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) చెందిన పెద్దతల ఈగలు ఆశిస్తాయని ఆసియా వరి పరిశోధనలో ఎప్పటి నుంచో తెలుసు. అయినా సాలీళ్లకూ అక్షింతల పురుగులకూ వచ్చిన పేరు వీటికి రాలేదు. కంటికి ఆనవు, ఆనినా పేరు చెప్పగలిగినవారు దొరకరు.

చెరకు తోటలకూ వీటి కథ తగిలింది. 1900 ప్రాంతంలో హవాయి దీవుల్లో చెరకును ఒక దోమ జాతి తుడిచిపెట్టేస్తుంటే, అక్కడి కీటక శాస్త్రవేత్త ఆర్.సి.ఎల్. పెర్కిన్స్ దాని శత్రువులన్నిటినీ వెతికి 1905లో పెద్దతల ఈగల మీద ప్రత్యేకంగా ఒక భాగమే రాశారు. అక్కడ చివరికి దోమను అదుపు చేసింది ఈ ఈగలు కావు, 1920లో తెచ్చి వదిలిన గుడ్లు పీల్చే నల్లి జాతి. అయినా ఈ కుటుంబం జీవన విధానం గురించి తొలినాటి మంచి పరిశీలనల్లో కొన్ని ఆ చెరకు సంక్షోభం పుణ్యమే.

జాతి అనేది నిరూపణ కాదు, ప్రతిపాదన

"ఇది కొత్త జాతి" అన్నప్పుడు శాస్త్రవేత్త అంటున్నది ఇది: "ఈ నమూనాలు తమలో తాము ఒక గుంపు. ఇంతవరకు పేరున్న ఏ గుంపుతోనూ ఇవి సరిపోవడం లేదు. ఈ తేడా ఒకే జాతి జీవుల మధ్య ఉండే మామూలు తేడా కాదని నా అంచనా." మూడు వాక్యాల్లో మూడు చోట్లా తప్పు జరగవచ్చు. అందుకే వర్గీకరణ శాస్త్రంలో జాతి ఒక పరికల్పన. ఆధారాలు పెరిగితే అది బలపడుతుంది, లేదా కూలిపోతుంది.

దీనికి ఆమోదముద్ర వేసే సంస్థ ఏదీ లేదన్నది చాలామందికి తెలియదు. జంతు నామకరణానికి అంతర్జాతీయ కమిషన్ ఉంది, దాని నియమావళి ఉంది. అది చూసేది పేరు సరిగా పెట్టారా లేదా అన్నదే. జాతి నిజంగా వేరా కాదా అన్న తీర్పు దాని పని కాదు. ఆ తీర్పు తరువాత వచ్చే పరిశోధకులది.

ఒక ఈగను తీసుకుని లెక్క చూద్దాం

నల్గొండ జిల్లాలో ఒక వరి పొలం గట్టు మీద వల ఊపితే అందులో ఒక మగ పెద్దతల ఈగ పడిందనుకుందాం. ఇది కేవలం ఊహ.

కుటుంబం తేల్చడం తేలిక, తల చూస్తే చాలు. ప్రజాతికి వచ్చేసరికి భూతద్దం సరిపోదు, సూక్ష్మదర్శిని కావాలి. రెక్క ముందు అంచున ఉండాల్సిన ముదురు రంగు మచ్చ లేదు. మరికొన్ని లక్షణాలు కూడా కలిస్తే టొమోస్వారియెల్లా అని రాసుకోవచ్చు. అసలు తలనొప్పి ఇక్కడ మొదలవుతుంది. ఇది ప్రపంచమంతా విస్తరించిన పెద్ద ప్రజాతి. జాతులన్నీ చిన్నవి, నల్లనివి, పైకి ఒకేలా ఉండేవి.

వాటి మధ్య తేడా దాగి ఉండేది మగ ఈగ పొట్ట చివర, జననాంగాల్లో. పొట్ట కొసను వేరు చేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచితే కండ కరిగి గట్టి భాగాలు మాత్రం మిగులుతాయి. దాన్ని గ్లిజరిన్‌లో పెట్టి పై నుంచి, కింద నుంచి, పక్క నుంచి చూసి బొమ్మ గీయాలి. జంటగా ఉండే పట్టుకొక్కేల ఆకారం, అవి సమానంగా ఉన్నాయా లేక ఒకటి పొడవా, లోపలి నాళానికి ఎన్ని కొమ్మలు, అవి ఎటు వంగాయి, ఇటువంటివే ఇక్కడ ఆనవాళ్లు. చూడటం పూర్తయ్యాక ఆ ముక్కను పారేయరు. చిన్న గాజు గొట్టంలో గ్లిజరిన్‌తో సహా ఉంచి, అదే ఈగ ఉన్న సూదికే గుచ్చుతారు. రేపు ఎవరికైనా అనుమానం వస్తే తెరిచి చూసుకోవచ్చు.

ఆ బొమ్మను తెలిసిన జాతుల బొమ్మలతో పోల్చితే మూడింటిలో ఒకటి తేలుతుంది. మన దేశంలో తెలిసిన జాతితో సరిపోయిందా, కథ ముగిసింది. ఫిలిప్పీన్స్‌లోనో జపాన్‌లోనో వర్ణించిన జాతితో సరిపోయిందా, అది ఇక్కడికి కొత్త నమోదు అవుతుందే గాని కొత్త జాతి కాదు. వార్తల్లో ఈ రెండింటినీ తరచు కలిపేస్తుంటారు. దేనితోనూ సరిపోకపోతే, అప్పుడు కొత్తదేమో అని అనుమానించడానికి హక్కు వస్తుంది.

అనుమానమే. ఒక్క మగ ఈగ వంకర కొక్కెం దాని ఒక్కదాని లోపమే కావచ్చు. అదే ఆకారం మూడు వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన అయిదు ఈగల్లో కనబడితే మాట మారుతుంది. ఇక ఆడ ఈగ సంగతి చూడండి. దానిలో ఈ కొక్కేలు ఉండవు, గుడ్లు పెట్టే సూది ఉంటుంది. ఏ ఆడ ఈగ ఏ మగ ఈగకు జోడో చెప్పాలంటే రెండూ జత కట్టి ఉండగా దొరకాలి, లేదా వేరే ఆధారం కావాలి. అందుకే ఈ కుటుంబంలో ఒకే లింగం ఆధారంగా వర్ణించిన జాతులు చాలా ఉన్నాయి. మగను ఒక పేరుతో, ఆడను మరో పేరుతో రెండు జాతులుగా వర్ణించే ప్రమాదమూ అక్కడిదే.

పాత కాగితాల్లో ఇరుక్కున్న పేర్లు

"తెలిసిన జాతులతో పోల్చాలి" అని ఒక్క ముక్కలో అనేశాను గానీ, 21 ఏళ్లలో సింహభాగం మింగేది ఇదే. తెలిసిన జాతుల వర్ణనలు రెండు వందల ఏళ్ల మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. లాటిన్‌లో కొన్ని, జర్మన్‌లో కొన్ని, రెండు మూడు వాక్యాల్లో రంగు మాత్రమే చెప్పి వదిలేసినవి కొన్ని. జననాంగాల బొమ్మలు లేని పాత వర్ణనలు చదివితే ఆ జాతి ఏదో తేలదు. అసలు నమూనాను తెప్పించుకునో, అది ఉన్న మ్యూజియానికి వెళ్లో చూడాలి.

భారతదేశపు పెద్దతల ఈగల మీద తొలి పెద్ద కృషి కలకత్తాలో జరిగింది. చేసినవారు ఎన్రికో బ్రూనెట్టి, వృత్తికి సంగీతకారుడు. బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో ఈగల మూడో సంపుటం 1923లో ఆయన పేరునే వచ్చింది. అందులో మొదటి కుటుంబం ఇదే. ఇప్పుడు ఇక్కడ ఎవరు కొత్త జాతి అన్నా ఆయన పేర్లతో లెక్క తేల్చుకోవాల్సిందే.

దీనికి తోడు కుటుంబం పేరే మారుతూ వచ్చింది. ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త లాట్రే 1802లో పైపన్‌క్యులస్ అనే ప్రజాతిని ప్రకటించారు. అంతకు రెండేళ్ల ముందే, 1800లో, జర్మన్ కీటక శాస్త్రవేత్త మైగెన్ ఒక చిన్న పుస్తకంలో వీటికి డోరిలాస్ అని పేరు పెట్టి ఉన్నారు. ముందు పెట్టిన పేరుకే హక్కు అన్నది నామకరణంలో మూల సూత్రం. దాంతో ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కొందరు ఈ కుటుంబాన్ని డోరిలైడే అని రాయసాగారు. మైగెన్ పుస్తకం వల్ల ఇలా అనేక ఈగల పేర్లు తారుమారు అవుతుండటంతో 1963లో కమిషన్ ఆ పుస్తకాన్నే చెల్లకుండా చేసింది. పైపన్‌క్యులిడే తిరిగి నిలిచింది. యూడోరిలాస్, డాసిడోరిలాస్ వంటి ప్రజాతుల పేర్లలో మాత్రం ఆ పాత పేరు ఆనవాలు మిగిలిపోయింది. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారు రెండు కుటుంబ పేర్ల కిందా వెతకకపోతే సగం సాహిత్యం చేతికి అందదు.

జాతి పేరు వెనక కుండలీకరణాల్లో కనబడే పేరూ సంవత్సరమూ ఇటువంటి చరిత్ర ముక్కే. టొమోస్వారియెల్లా సబ్‌వైరెసెన్స్ (లోవ్, 1872) అని ఉంటే, 1872లో లోవ్ దీన్ని వర్ణించారని, కానీ అప్పుడు వేరే ప్రజాతిలో పెట్టారని అర్థం. ప్రజాతి మారకపోతే ఆ కుండలీకరణాలు ఉండవు.

పేరు చెల్లాలంటే ఏం ఉండాలి

ప్రస్తుత నియమావళి 2000 జనవరి 1 నుంచి అమలులో ఉంది. అది అడిగేవి కొద్ది. రెండు పదాల పేరు లాటిన్ లిపిలో ఉండాలి. ఇతర జాతుల నుంచి తేడా ఏమిటో మాటల్లో రాయాలి. పేరును మోసే నమూనాను నిర్ణయించాలి, అది ఏ సంస్థలో ఉందో చెప్పాలి. ఆ ఒక్క నమూనానే హోలోటైప్ అంటారు. దానితో పాటు చూసిన మిగతావి పారాటైపులు. కాగితం మీద కాకుండా ఇంటర్నెట్‌లో మాత్రమే ప్రచురిస్తే జూబ్యాంక్ అనే రిజిస్టరులో నమోదు చేయాలి.

హోలోటైప్ అంటే ఆ జాతిలో సగటు ఈగ అనుకోవద్దు. ఆదర్శ ఈగ అసలే కాదు. పొలం సరిహద్దు ఎంత మారినా మధ్యలో పాతిన సర్వే రాయి కదలనట్టు, జాతి హద్దుల గురించి అభిప్రాయాలు ఎటు మారినా పేరు ఆ ఒక్క నమూనాతోనే ఉంటుంది. ఒక జాతి అనుకున్నది రెండని రేపు తేలితే, పాత పేరు హోలోటైప్ ఉన్న వైపుకు పోతుంది, రెండోదానికి మరో పేరు కావాలి.

నియమావళి అడగనివీ తెలుసుకోవాలి. డీఎన్‌ఏ అక్కర్లేదు. ఫొటో అక్కర్లేదు. తోటి శాస్త్రవేత్తల సమీక్ష కూడా తప్పనిసరి కాదు. తన పేరే పెట్టుకోకూడదన్న నిబంధన కూడా లేదు, మర్యాద మాత్రమే అడ్డు. మంచి పత్రికలు సమీక్ష చేయించే వేస్తాయి, కానీ అది పత్రికల కట్టుబాటు.

మన దేశంలో దీనికి చట్టం కూడా తోడవుతుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ఇక్కడ కొత్త జాతిని కనుగొన్నవారు, అందుకు నిర్దేశించిన సంస్థకు తెలియజేసి నమూనాలను అక్కడ అప్పగించాలి. జంతువుల విషయంలో కలకత్తా కేంద్రంగా 1916 నుంచి ఉన్న జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అటువంటి ప్రధాన భాండాగారం.

డీఎన్‌ఏ వచ్చాక గొడవ ఎక్కడ మొదలైంది

2003లో కెనడాలో పాల్ హెబర్ట్ బృందం ఒక ప్రతిపాదన చేసింది. జంతువుల కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోని ఒక జన్యువులో సుమారు 658 డీఎన్‌ఏ అక్షరాల ముక్కను చదివితే జాతి తెలుస్తుందన్నారు. దానికి బార్‌కోడ్ అని పేరు పెట్టారు.

మన ఊహా ఈగలకే ఇది వర్తింపజేద్దాం. జాతులను వేరు చేసే గీతగా తరచు వాడేది 2 శాతం తేడా. 658లో 2 శాతం అంటే సుమారు 13 అక్షరాలు. ఒకే రకం జననాంగాలున్న రెండు మగ ఈగల మధ్య 20 అక్షరాల తేడా, అంటే 3 శాతం, వచ్చిందనుకుందాం. పైకి ఒకేలా కనిపించే రెండు జాతులు కావచ్చు. ఒకే జాతిలో చాలాకాలం దూరంగా బతికిన రెండు జనాభాలు కావచ్చు. ఇప్పుడు తిరగేసి చూడండి. కొక్కేల ఆకారం పూర్తిగా వేరుగా ఉన్న రెండు ఈగల మధ్య ఒక్క అక్షరమే తేడా ఉంది. ఇటీవలే విడిపోయిన జాతులు కావచ్చు, ఎప్పుడో ఒకదాని మైటోకాండ్రియా సంకరం వల్ల మరొకదానిలోకి చేరి ఉండవచ్చు. రెండు సందర్భాల్లోనూ 2 శాతం అన్న గీత తనంతట తాను జవాబు చెప్పలేదు.

పెద్దతల ఈగల మీద ఈ పరీక్ష నిజంగానే జరిగింది. జెఫ్ స్కెవింగ్టన్, క్రిస్టియన్ కెల్మయర్, గునిల్లా స్టాల్స్ 2007లో ప్రచురించిన పత్రం శీర్షికలోనే ఫలితాలు మిశ్రమం అని ఉంది. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

అయితే బార్‌కోడ్ పక్షాన ఉన్నవారి వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. పేరులేని కీటకాలు లక్షల్లో ఉన్నాయి, వర్ణించేవారు వేళ్ల మీద లెక్కించేంత మంది, అడవులు ఈలోగా పోతున్నాయి. ఒక్కో ఈగకు పదేసి బొమ్మలు గీస్తూ కూర్చుంటే ఎప్పటికి అవుతుంది? ఈ తర్కంతోనే 2021లో మైకేల్ షార్కీ, ఆయన సహచరులు కోస్టారికాకు చెందిన బ్రాకోనిడ్ కందిరీగల్లో 403 కొత్త జాతులను ఒకే పత్రంలో ప్రకటించారు. చాలావాటికి తేడా చూపడానికి వాడింది ప్రధానంగా బార్‌కోడే. అదే ఏడాది రుడాల్ఫ్ మైయర్ బృందం ఆ సమాచారాన్నే మళ్లీ లెక్కించి, లెక్క పద్ధతి మారితే గుంపుల హద్దులూ మారుతున్నాయని, అటువంటి గుంపులకు శాశ్వతమైన పేర్లు తగవని వాదించింది.

పెద్దతల ఈగల వరకు వస్తే నేను మైయర్ వైపే మొగ్గుతాను. ఈ కుటుంబంలోని పాత పేర్లన్నీ ఎండిన నమూనాల మీద ఉన్నాయి, వాటిలో చాలావాటి నుంచి పనికొచ్చే డీఎన్‌ఏ రాదు. బార్‌కోడ్ మాత్రమే చెప్పి కొత్త జాతి అంటే, అది బ్రూనెట్టి వర్ణించినదే కాదని ఎవరు హామీ ఇస్తారు? అలాగని డీఎన్‌ఏను పక్కన పెట్టమని కాదు. మగనూ ఆడనూ జత చేయడంలో దాన్ని మించిన సాధనం లేదు.

ఫొటో చాలదా?

2015లో స్టీఫెన్ మార్షల్, నీల్ ఎవెన్‌హ్యూస్ దక్షిణాఫ్రికాకు చెందిన మార్లియిమియా జైలోకోపే అనే ఈగను ఫొటోల ఆధారంగానే వర్ణించారు. నమూనా చేతికి చిక్కలేదు, ఫొటోలో ఉన్న ఈగనే హోలోటైప్‌గా ప్రకటించారు. నియమావళి దానికి అడ్డు చెప్పలేదు. 2016లో దాదాపు 490 మంది శాస్త్రవేత్తలు సంతకాలు చేసి, ఫొటోల మీద ఆధారపడే వర్గీకరణ చాలదు, అవసరమూ లేదు, హాని కూడా చేయవచ్చని ప్రకటించారు. అరుదైన జంతువును చంపకుండా పేరు పెట్టవచ్చన్నది అవతలి పక్షం మాట. పెద్ద జంతువుల విషయంలో ఆ మాటకు బరువుంది. పెద్దతల ఈగకు మాత్రం ఈ చర్చ దాదాపు వర్తించదు. ఎంత గొప్ప కెమెరా అయినా చూడాల్సిన భాగం పొట్ట మడత లోపల ఉంది.

వర్ణనలో ఖాళీగా మిగిలే గడి

పత్రం అచ్చయ్యాక కూడా చాలా జాతుల వర్ణనల్లో అతిథేయి పేరు ఉండదు. ఎదిగిన ఈగలు వలలోనో, గుడారం ఆకారపు మలేజ్ ఉచ్చులోనో పడతాయి. అవి ఏ పురుగులో పెరిగాయో ఆ ఉచ్చు చెప్పదు. తెలుసుకోవాలంటే ఉబ్బిన పొట్టలున్న దీపపు పురుగులను ఏరి, మొక్క మీదే పెంచి, ఈగ బయటికి వచ్చేదాకా కాపు కాయాలి. ఎక్కువసార్లు పురుగూ చస్తుంది, ఈగ పిల్లా చస్తుంది. ఇప్పుడు దగ్గరి దారి ఒకటి ఉంది. పురుగును కోసి లోపలి పిల్ల బార్‌కోడ్ చదివి, పేరున్న ఎదిగిన ఈగల బార్‌కోడ్‌లతో పోల్చడం. పోలిక కుదిరితే ఏ ఈగ ఏ పురుగును తింటుందో ఒక్క వారంలో తేలుతుంది. కుదరకపోతే చేతిలో మిగిలేది పేరు లేని ఒక బార్‌కోడ్. వరి చేలల్లో ఏ పెద్దతల ఈగ ఏ దోమను ఎంత మేరకు అదుపు చేస్తోందన్న లెక్క అక్కడే ఆగిపోతుంది.

ఊహ మీద ఆ గడి నింపడం ఎంత ప్రమాదమో నెఫ్రోసెరస్ అనే ప్రజాతి చూపించింది. పంతొమ్మిదో శతాబ్దం నుంచి పేరున్న ఈగలవి, కుటుంబంలోకెల్లా పెద్ద సైజువి. బంధువులన్నీ దీపపు పురుగుల మీద బతికేవే కాబట్టి ఇవీ అంతేనని అనుకోవడం సహజం. 2007లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు వీటి పిల్లలను పట్టుకున్నారు. అవి ఉన్నది పొడవుకాళ్ల క్రేన్ ఈగల పొట్టల్లో.